సరుకు ఆలస్యాన్ని తట్టుకోవచ్చు, తేదీ తెలియకపోతేనే కష్టం

సరుకు రవాణాలో అంతరాయం రాగానే అందరూ అడిగేది "ఎన్ని రోజులు ఆలస్యం?" అని. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: "ఇప్పుడు చెబుతున్న తేదీని ఎంతవరకు నమ్మొచ్చు?" ఈ రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదాన్ని ఎలాగోలా సర్దుకోవచ్చు. గత కొన్నేళ్లలో ప్రపంచ రవాణాకు తగిలిన రెండు పెద్ద దెబ్బలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా కనిపిస్తుంది.

మొదటిది 2021లో తగిలింది. కొవిడ్ వల్ల ఇళ్లలో ఉండిపోయిన జనం ప్రయాణాలకు, హోటళ్లకు పెట్టే డబ్బుతో వస్తువులు కొనడం మొదలుపెట్టారు. ఆసియా నుంచి అమెరికాకు వెళ్లే కంటైనర్లు ఒక్కసారిగా పెరిగాయి. 2022 జనవరి మొదట్లో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల కోసం వరుసలో ఉన్న కంటైనర్ నౌకలు 100 దాటాయి. నౌక తీరం దగ్గరికి వచ్చాక కూడా సరుకు ఎప్పుడు చేతికొస్తుందో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. షాంఘై నుంచి లాస్ ఏంజెలెస్‌కు 40 అడుగుల కంటైనర్ స్పాట్ రేటు (కాంట్రాక్టు లేకుండా అప్పటికప్పుడు పలికే ధర) 2021లో 10,000 డాలర్లు దాటిపోయింది.

రెండోది ఎర్ర సముద్రంలో. 2023 నవంబరు 19న యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ అనే నౌకను పట్టుకున్నారు. డిసెంబరు మూడో వారంకల్లా మేర్స్క్, హపాగ్-లాయిడ్, ఎమ్మెస్సీ వంటి పెద్ద షిప్పింగ్ లైన్లు సూయజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగా నౌకలను మళ్లించాయి. ప్రయాణానికి అదనంగా సుమారు పది రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టింది. మొదటి వారాల్లో గట్టి దెబ్బే తగిలింది. విడిభాగాలు అందక బెర్లిన్ దగ్గరున్న టెస్లా ఫ్యాక్టరీ 2024 జనవరి చివరి నుంచి దాదాపు రెండు వారాలు ఉత్పత్తిని చాలావరకు ఆపేసింది. ఆ తర్వాత మాత్రం చాలామంది నిలదొక్కుకున్నారు. దారి పొడవైంది కానీ ఎంత పొడవైందో తెలుసు. ఆర్డర్లు రెండు వారాలు ముందుకు జరిపారు, కొత్త టైమ్‌టేబుల్ వేసుకున్నారు, సరుకు కదిలింది.

ఇందులో అదృష్టమూ కలిసొచ్చింది. వారానికో నౌక బయలుదేరే సర్వీసులో రానుపోను ప్రయాణం 12 వారాలైతే 12 నౌకలు కావాలి. ఒక్కోవైపు పది రోజులు పెరిగితే అది దాదాపు 15 వారాలవుతుంది, అంటే మూడు నౌకలు అదనంగా కావాలి. కొవిడ్ లాభాలతో ఆర్డరిచ్చిన కొత్త నౌకలు సరిగ్గా 2023, 2024లోనే చేతికి రావడంతో ఆ కొరత చాలావరకు పూడింది. అవే లేకపోతే కథ వేరేగా ఉండేది.

అనిశ్చితి ఖర్చును లెక్కగట్టి చూడటం కష్టమేమీ కాదు. రోజుకు 100 యూనిట్లు వాడే ఒక గోడౌన్ ఉందనుకుందాం. వాడకం స్థిరంగా ఉంది. సరుకు రావడానికి సగటున 30 రోజులు పడుతుంది, ఆ సగటు చుట్టూ హెచ్చుతగ్గులు (గణాంకాల భాషలో ప్రామాణిక విచలనం) రెండు రోజులు. నూటికి 95 సార్లు స్టాక్ అయిపోకుండా ఉండాలంటే సుమారు 330 యూనిట్లు అదనంగా పెట్టుకుంటే చాలు. ఇప్పుడు ప్రయాణం 40 రోజులైంది కానీ హెచ్చుతగ్గులు అలాగే ఉన్నాయి. గోడౌన్‌లో పెట్టుకోవాల్సిన అదనపు స్టాక్ మళ్లీ అదే 330. దారిలో ఉండే సరుకు మాత్రం 1,000 యూనిట్లు పెరుగుతుంది, దాని మీద పెట్టుబడి ఇరుక్కుంటుంది. అయినా అది తెలిసిన ఖర్చు, దానికి బ్యాంకు దగ్గర ఏర్పాటు చేసుకోవచ్చు. అలాకాక ప్రయాణం 30 రోజులే ఉండి, హెచ్చుతగ్గులు పది రోజులైతే? గోడౌన్‌లో 1,650 యూనిట్లు కావాలి. సగటు ఒక్క రోజు కూడా మారలేదు, అదనపు స్టాక్ మాత్రం ఐదింతలైంది. అంత పెట్టుకున్నా ఇరవైసార్లలో ఒకసారి ఖాళీ అవుతుంది.

అందుకే ట్రాన్స్‌పోర్టర్‌ను గానీ షిప్పింగ్ లైన్‌ను గానీ ఎంచుకునేటప్పుడు వాళ్ల సగటు రోజులను మాత్రమే చూడటం సరిపోదు. ఇచ్చిన తేదీ ఎంత, నిజంగా వచ్చిన తేదీ ఎంత అనేది ప్రతి రూటుకూ రాసుకుంటూ పోవాలి. మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆర్నెల్లు రాస్తే ఏ రూటులో పదిలో తొమ్మిది సార్లు ఎన్ని రోజుల్లోపు వస్తోందో తెలుస్తుంది. కస్టమర్‌కు మాట ఇవ్వాల్సింది ఆ తొమ్మిది సార్ల లెక్క మీద. ఇంత చిన్న పని చేయకుండానే చాలా కంపెనీలు ట్రాకింగ్ స్క్రీన్ల మీద డబ్బు పోస్తున్నాయి. కంటైనర్ మ్యాప్ మీద ఎక్కడుందో తెలిసినంత మాత్రాన ఎప్పుడొస్తుందో తెలిసినట్టు కాదు.

చిన్న అంతరాయం అంత పెద్ద గందరగోళంగా ఎందుకు మారుతుందన్నది ఇంకా లోతుగా చూడాల్సిన విషయం. ఒక్క బెర్తు (నౌక ఆగి సరుకు దించే చోటు) ఉన్న పోర్టును ఊహించుకుందాం. ఒక నౌక పని సగటున ఒక రోజు పడుతుంది. నౌకలు ఒక లెక్కంటూ లేకుండా వస్తాయి. బెర్తు 80 శాతం సమయం బిజీగా ఉంటే ఒక నౌక సగటున నాలుగు రోజులు ఆగాలి. 90 శాతమైతే తొమ్మిది రోజులు. 95 శాతమైతే 19 రోజులు. నిజమైన పోర్టుల్లో చాలా బెర్తులుంటాయి, షెడ్యూల్ ఉంటుంది, కాబట్టి అంకెలు ఇంత భయంకరంగా ఉండవు. కానీ పద్ధతి ఇదే: సామర్థ్యం నిండేకొద్దీ నిరీక్షణ మెల్లగా పెరగదు, ఒక్కసారిగా ఎగుస్తుంది. మామూలు రోజుల్లో 95 శాతం వాడకాన్ని చూసి మేనేజర్లు సంతోషిస్తారు. అంతరాయం వచ్చిన రోజు అదే వ్యవస్థకు ఊపిరాడదు.

పైగా రవాణాలో ఒక వనరు ఆగితే ఇంకో వనరును పట్టుకుని ఆపుతుంది. 2021లో అమెరికా పశ్చిమ తీరంలో జరిగింది అదే. గోడౌన్లు నిండిపోయాయి. వచ్చిన కంటైనర్లను దించే చోటు లేక వాటిని ఛాసిస్‌ల (కంటైనర్‌ను మోసే చక్రాల చట్రాల) మీదే వదిలేశారు. ఛాసిస్‌లు గోడౌన్ల ముందు నిలిచిపోవడంతో పోర్టు నుంచి కొత్త కంటైనర్లు తెచ్చేందుకు ఛాసిస్‌లు లేవు. దాంతో పోర్టు యార్డు నిండింది. యార్డు నిండితే క్రేన్లు నిదానించాయి, నౌకలు బయట ఆగాయి. నౌకలు ఆగితే ఖాళీ కంటైనర్లు ఆసియాకు తిరిగి చేరలేదు, అక్కడ సరుకు సిద్ధంగా ఉన్నా నింపడానికి పెట్టెలు లేవు. ఈ గొలుసులో ఏ ఒక్కరినీ తప్పుపట్టడానికి లేదు. ప్రతి ఒక్కరూ తమ వరకు సరైన పనే చేశారు. అందుకే "ఇంకా లారీలు పెట్టండి", "పోర్టును 24 గంటలు నడపండి" అనే సలహాలు అనుకున్నంత ఫలితం ఇవ్వలేదు. రాత్రిపూట గేటు తెరిచినా, తీసుకెళ్లిన కంటైనర్‌ను దించుకునే గోడౌన్ రాత్రి మూసి ఉంటే ఉపయోగం ఏముంటుంది?

అక్కడ బాగా పనిచేసినవి వేరే రకం మార్పులు. అంతకుముందు నౌకలకు వరుసలో చోటు పోర్టు దగ్గరికి వచ్చిన క్రమంలో దక్కేది. దాంతో అన్నీ పసిఫిక్ మీద పరుగులు పెట్టి వచ్చి, తీరం దగ్గర వారాల తరబడి లంగరేసుకుని ఉండేవి. 2021 నవంబరులో పద్ధతి మార్చారు. వెనకటి పోర్టు నుంచి బయలుదేరిన సమయాన్ని బట్టి వరుసలో చోటు ఇవ్వడం మొదలైంది. ఇక పరుగెత్తాల్సిన పని లేదు. నౌకలు నెమ్మదిగా రావచ్చు, ఇంధనం మిగులుతుంది, తీరం దగ్గర కిక్కిరిసిపోవడం తగ్గుతుంది. అదే సమయంలో యార్డులో ఎక్కువ రోజులు పడి ఉన్న కంటైనర్లకు జరిమానా వేస్తామని ఆ రెండు పోర్టులూ ప్రకటించాయి. చివరికి ఆ జరిమానా వసూలు చేయనే లేదు, వాయిదా వేస్తూ పోయి రద్దు చేశారు. అయినా పాత కంటైనర్లు బాగా తగ్గాయి. కొత్త బెర్తు కట్టలేదు, కొత్త క్రేన్ కొనలేదు. నియమం మారితే మనుషుల నడత మారింది.

భయంతో ఇచ్చే ఆర్డర్లు ఇంకో సమస్య. కొరత వస్తుందని తెలియగానే పది కావాల్సినవాళ్లు ఇరవై అడుగుతారు. సరఫరాదారు దాన్ని నిజమైన గిరాకీ అనుకుని తన పైవాళ్లను ముప్పై అడుగుతాడు. ఎంఐటీ ప్రొఫెసర్ జే ఫారెస్టర్ 1958లోనే ఈ ఊగిసలాటను వివరించాడు. 2022 మధ్యలో అమెరికాలోని పెద్ద రిటైల్ కంపెనీలు కొరత పోయి, అమ్ముడుపోని సరుకు గుట్టలతో తంటాలు పడ్డాయి. అంతరాయ సమయంలో ఆర్డరు పెంచే ముందు, ఇది నిజంగా అమ్ముడవుతుందా లేక భయంతో పెంచుతున్నామా అని చూసుకోవాలి.

తట్టుకోవడం సమాచారంతో మొదలవుతుంది. 2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బుకర్కీలో పిడుగుపాటు వల్ల ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో చిన్న అగ్నిప్రమాదం జరిగింది. పది నిమిషాల్లో ఆరిపోయింది. కానీ పొగ, నీళ్లు చిప్‌లు తయారుచేసే దుమ్ములేని క్లీన్‌రూమ్‌లను పాడుచేశాయి. ఆ చిప్‌ల మీద ఆధారపడిన నోకియాకు, ఎరిక్సన్‌కు వారం ఆలస్యమవుతుందని మొదట కబురొచ్చింది. నోకియా ఆ మాట దగ్గర ఆగలేదు. రోజూ అడిగింది, పరిస్థితి చెప్పినంత తేలిక కాదని గ్రహించింది, వేరేచోట్ల ఉన్న సామర్థ్యాన్ని ముందే బుక్ చేసుకుంది. ఎరిక్సన్ మేల్కొనేసరికి ఇతర చోట్ల పెద్దగా ఏమీ మిగల్లేదు. ఆ నష్టం దాదాపు 40 కోట్ల డాలర్లని లెక్క. ఇద్దరికీ అందిన కబురు ఒకటే, దాన్ని ఎవరు ఎంత అనుమానించారన్నదే తేడా. రవాణాలో "రెండు మూడు రోజులే సార్" అనే మాట వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఆ రెండు మూడు రోజులు దేనికి? క్రేన్ చెడిందా, కస్టమ్స్ పరీక్షా, డ్రైవర్ లేడా? కారణం చెప్పలేని తేదీని నమ్మి ప్లాన్ వేయకూడదు.

అన్ని సరుకులనూ ఒకేలా కాపాడాలనుకోవడం డబ్బు దండగ. ఎంఐటీ ప్రొఫెసర్ డేవిడ్ సిమ్చీ-లెవీ ఫోర్డ్ కంపెనీతో కలిసి చేసిన పనిలో రెండు కొలతలు వాడారు. ఒక సరఫరా కేంద్రం ఆగిపోతే తిరిగి కోలుకోవడానికి ఎంత కాలం పడుతుంది? అది లేకుండా వ్యాపారం ఎంత కాలం నడుస్తుంది? మొదటిది రెండోదానికన్నా ఎక్కువైన చోటే ప్రమాదం ఉంది. ఆశ్చర్యమేమిటంటే, ఆగిపోతే భారీ నష్టం తెచ్చే వాటిలో చాలావరకు చవక భాగాలే. ఖరీదైన భాగాల మీద అందరికీ కన్నుంటుంది. ఒక చిన్న సీలో, క్లిప్పో ఎక్కడి నుంచి, ఏ దారిలో వస్తోందో పట్టించుకునేవాళ్లు ఉండరు. అలాంటివి నెలల తరబడి సరిపడా పెట్టుకున్నా పెద్ద ఖర్చు కాదు. అందుకే నిల్వ పెంచాలనుకుంటే అక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

జపాన్‌లో 2011 నాటి భూకంపం, సునామీ తర్వాత టొయోటా కూడా ఈ దారే పట్టింది. తన సరఫరాదారులకు సరఫరా చేసేవాళ్ల దాకా వివరాలు సేకరించింది. కోలుకోవడానికి ఎక్కువ కాలం పట్టే చిప్‌ల వంటివాటిని రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా నిల్వ ఉంచమంది. 2021లో చిప్‌ల కొరతతో మిగతా కార్ల కంపెనీలు ఆగినప్పుడు టొయోటా కొన్ని నెలలు ఎక్కువ నిలబడింది. తర్వాత అదీ ఉత్పత్తి తగ్గించక తప్పలేదు. నిల్వ కొంత గడువు సంపాదించి పెడుతుంది, ఆ గడువులో ఏం చేస్తామన్నది విడిగా ఆలోచించుకోవాలి.

ప్రత్యామ్నాయ దారి గురించి అందరూ చెబుతారు. కానీ అంతరాయం వచ్చినప్పుడు అందరూ అదే దారి పడతారని తక్కువమంది ఆలోచిస్తారు. పనామా కాలువ వర్షపు నీటితో నిండే గటూన్ సరస్సు మీద ఆధారపడి నడుస్తుంది. 2023లో వానలు తగ్గడంతో, మామూలుగా రోజుకు 36 దాకా వెళ్లే నౌకలను డిసెంబరు నాటికి 22కు కుదించారు. ముందుగా వెళ్లే హక్కు కోసం జరిగిన వేలంలో ఒక నౌకకు దాదాపు 40 లక్షల డాలర్లు చెల్లించారు. ఆ తంటా ఎందుకని కొన్ని నౌకలు సూయజ్ వైపు మళ్లాయి. సరిగ్గా అప్పుడే ఎర్ర సముద్రంలో దాడులు మొదలవడంతో వాటి పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. 2024 మే నెలలో సింగపూర్‌లోనూ ఇలాగే జరిగింది. కేప్ చుట్టూ తిరిగొచ్చిన నౌకలు షెడ్యూల్ తప్పి గుంపుగా రావడంతో అక్కడ రద్దీ పెరిగి, వాడకం ఆపేసిన పాత కెప్పెల్ టెర్మినల్ బెర్తులను మళ్లీ తెరవాల్సొచ్చింది.

ప్రత్యామ్నాయం ఉందని చెప్పాలంటే దాన్ని మామూలు రోజుల్లోనే కొంత వాడి ఉండాలి. 2024 మార్చి 26న డాలీ నౌక ఢీకొని బాల్టిమోర్‌లోని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలింది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. పోర్టు దారి పూర్తిగా తెరుచుకునేసరికి జూన్ 10 అయింది. ఈ లోపు సరుకు నార్‌ఫోక్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా వైపు వెళ్లింది. అలాంటి సమయంలో కొత్త పోర్టులో కస్టమ్స్ ఏజెంటు ఎవరో, ఏ ట్రాన్స్‌పోర్టరు వస్తాడో, పత్రాల్లో పోర్టు పేరు మార్పించడానికి ఎవరితో మాట్లాడాలో వెతుక్కునేవాళ్లకు, ఏడాదిగా పదో వంతు సరుకును అటు పంపుతున్నవాళ్లకు చాలా తేడా ఉంటుంది. ఆ పదో వంతుకు అయ్యే కాస్త ఎక్కువ ఖర్చును బీమా ప్రీమియం లెక్కలో చూడాలి.

అసలు బీమా విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. మామూలు కార్గో పాలసీలు సరుకు పోతేనో, పాడైతేనో డబ్బిస్తాయి. కేవలం ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్ని ఇవ్వవు. సీజన్ దాటాక చేరిన సరుకు చెక్కుచెదరకుండా ఉంటే క్లెయిమ్ లేనట్టే. మరోవైపు అసలు బీమాయే లేనివాళ్లకు జనరల్ యావరేజ్ అనే నియమం పెద్ద షాకిస్తుంది. నౌకనూ సరుకునూ కాపాడటానికి పెట్టిన ఖర్చును అందులో సరుకు ఉన్న ప్రతి ఒక్కరూ పంచుకోవాలి. 2021 మార్చిలో సూయజ్‌కు అడ్డం పడిన ఎవర్ గివెన్ అనే కంటైనర్ నౌక విషయంలో యజమానులు దీన్నే ప్రకటించారు. నౌకను ఆరు రోజుల్లో కదిలించినా, పరిహారం వివాదంతో అది జులై దాకా ఈజిప్టు దాటలేదు. లోపలున్న సరుకు యజమానులు ఏ తప్పూ చేయకుండానే అన్ని నెలలు ఎదురుచూశారు.

భాగస్వామే కుప్పకూలితే అన్న ప్రశ్నా ఉంది. 2016 ఆగస్టు 31న అప్పటికి ప్రపంచంలో ఏడో పెద్ద కంటైనర్ లైన్ అయిన హాంజిన్ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. ఫీజులు రావేమోనని చాలా పోర్టులు దాని నౌకలను రానివ్వలేదు. అన్నిటికన్నా తక్కువ రేటు కోట్ చేసిన లైన్‌కే మొత్తం సరుకు అప్పగించేవాళ్లు ఆ లైన్ ఆర్థిక స్థితి వైపు కూడా ఒక చూపు వేయాలి.

రేటు సంగతికొస్తే, గిరాకీ పడిపోయినప్పుడు కాంట్రాక్టును పక్కనపెట్టి చవక స్పాట్ రేటుకు పరుగెత్తినవాళ్లకు, చోటు కొరత వచ్చినప్పుడు బుకింగ్ ముందుగా రోల్ అవుతుంది, అంటే తర్వాతి నౌకకు వాయిదా పడుతుంది. రోడ్డు రవాణాలోనూ అంతే. లారీలు తక్కువగా ఉన్న వారంలో డ్రైవర్లు ముందు ఎవరి లోడ్‌కు వెళ్తారు? గేటు దగ్గర గంటల తరబడి ఆపకుండా, చెప్పిన సమయానికి లోడ్ చేసి పంపించి, బిల్లులు ఆలస్యం చేయకుండా కట్టేవాళ్ల లోడ్‌కే. లాజిస్టిక్స్ చర్చల్లో డ్రైవర్ గౌరవాన్ని మంచితనం కోవలో వేసేస్తారు. అది నికరంగా సామర్థ్యాన్ని సంపాదించే పని.

కంప్యూటర్లు ఆగిపోయే రోజు కోసం కూడా సిద్ధపడాలి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా వైరస్ మేర్స్క్ వ్యవస్థలను తుడిచిపెట్టింది. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లను పది రోజుల్లో మళ్లీ నిలబెట్టారు. ఆ పది రోజులూ సిబ్బంది ఫోన్లు, కాగితాలు, వాట్సాప్ మెసేజ్‌లతో చాలావరకు పని నడిపించారు. బుకింగ్ జాబితా, డ్రైవర్ల నంబర్లు, ముఖ్యమైన కస్టమర్ల వివరాలు వారానికోసారి వేరేచోట కాపీ పెట్టుకోవడం కొన్ని నిమిషాల పని.

కొన్ని అంతరాయాలు మళ్లీ మళ్లీ వచ్చేవే. జర్మనీలో కౌబ్ దగ్గర రైన్ నది లోతు తగ్గితే బార్జీలను (నదిలో సరుకు మోసే పడవలను) సగం కూడా నింపలేరు. 2018 కరువులో భారీగా నష్టపోయిన రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్, నీటిమట్టాన్ని ఆరు వారాల ముందే అంచనా వేసే ఏర్పాటు చేసుకుంది. తక్కువ నీటిలోనూ తేలేలా స్టోల్ట్ లుడ్‌విగ్స్‌హాఫెన్ అనే ప్రత్యేక నౌకను తయారు చేయించి 2023లో నీటిలోకి దించింది. కౌబ్ దగ్గర నీటిమట్టం కొలత 30 సెంటీమీటర్లకు పడిపోయినా అది 800 టన్నులు మోయగలదు. ఏటా రాగల సమస్యను "ఊహించని పరిస్థితి" అని పిలవడం మానేస్తేనే ఇలాంటి పెట్టుబడికి అనుమతి దొరుకుతుంది.

దారి తెరుచుకున్న రోజును అంతరాయం ముగిసిన రోజుగా లెక్కేయడం చివరగా చెప్పుకోవాల్సిన తప్పు. ఎవర్ గివెన్ కదిలాక సూయజ్‌లో ఆగిన నౌకల్లో చాలా యూరప్ పోర్టుల మీదకు గుంపుగా వెళ్లాయి. కేప్ దారి నుంచి నౌకలు మళ్లీ సూయజ్‌కు మారేటప్పుడూ ఇదే ఇబ్బంది వస్తుంది. ముందు బయలుదేరి చుట్టూ తిరిగొచ్చేవి, వెనక బయలుదేరి దగ్గరి దారిలో వచ్చేవి ఒకే వారంలో ఒకే పోర్టుకు చేరతాయి. టెర్మినల్‌లో ఫ్రీ టైమ్ (ఫీజు లేకుండా ఉంచుకునే గడువు) దాటితే డెమరేజ్ అనే ఫీజు, తీసుకెళ్లిన పెట్టెను ఖాళీ చేసి తిరిగివ్వడం ఆలస్యమైతే డిటెన్షన్ అనే ఫీజు కట్టాలి. కాబట్టి దారి తెరుస్తున్నారన్న వార్త రాగానే చేయాల్సినవి కొన్నున్నాయి: దారిలో ఉన్న కంటైనర్లలో ఏవి ముందు బయటికి రావాలో వరుస రాసుకోవడం, గోడౌన్‌లో దించుకునే సమయాలను, లారీలను ఆ వరుస ప్రకారం బుక్ చేయడం, ఫ్రీ టైమ్ పొడిగింపును నౌక చేరకముందే రాతపూర్వకంగా అడగడం, భయంతో పెంచిన ఆర్డర్లను ఇంకా ఫ్యాక్టరీ దాటనప్పుడే తగ్గించుకోవడం.